గంటకి ఇరవై అయిదు

"బయటికి పోయింది ఒంటి గంటా పది నిమిషాలకి. తిరిగొచ్చింది నాలుగున్నరకి. ఇంకెన్నిసార్లు చెప్పమంటావు లెనార్డ్? నా కళ్లతో చూశాను, నా చేత్తో రాశాను."

అగ్నెస్ బెలియా గేటు పుస్తకాన్ని నా ముఖం మీదికి తోసింది. పద్నాలుగేళ్లుగా ఈ గేటు ఆమెదే. ఏ బండి బయటికి వెళ్లినా, లోపలికి వచ్చినా, టైమూ, మీటరు మీద కిలోమీటర్లూ పెన్సిల్‌తో రాస్తుంది. పెన్ను పెడితే ఈ చలికి సిరా గడ్డకడుతుంది. నిన్నటి పేజీలో నాలుగో నంబరు పికప్ ముందు ఆమె గుండ్రటి అంకెలున్నాయి. వెళ్లేటప్పుడు మీటరు 48,216. వచ్చేటప్పుడు 48,326.

నూట పది కిలోమీటర్లు. మూడు గంటల ఇరవై నిమిషాలు.

"బయటికి పోయేటప్పుడు మిరోన్ పక్కన మన తెరేసా కూర్చుని ఉందా లేదా? అది చెప్పు."

"కనబడలేదన్నాను కదా! పోయేటప్పుడు అద్దాల మీద మంచు పట్టి ఉంది. నేను కిందికి దిగి చూడలేదు. దిగి ఉంటే..." అక్క కూతురు తెరేసాని ఆరేళ్లప్పటి నుంచి పెంచిన మనిషి. రాత్రంతా ఆ కుర్చీలోనే కూర్చుంది. ఏడవలేదు. ఆమె ఏడిస్తేనే నాకు కొంచెం తేలికగా ఉండేది.

తెరేసా బెలియాకి ఇరవై ఏడేళ్లు. గడ్డకట్టిన సరస్సుల మీద లారీలు నడిచే ఈ రోడ్లకి ఆమె కొలతలమ్మాయి. ఐసుకి బెజ్జం వేసి, మందం చూసి, ఎంత బరువు మోస్తుందో చెప్పడం ఆమె పని. నిన్న మధ్యాహ్నం ఒంటి గంటకి ఆమె నాలుగో నంబరు పికప్ ఎక్కడం వంటమనిషి చూశాడు. ఆ బండి నడిపినవాడు మిరోన్ పాలుక్, ఈ రోడ్లన్నిటికీ మేస్త్రీ. బండి తిరిగొచ్చింది, మిరోన్ తిరిగొచ్చాడు, పిల్ల రాలేదు. ఆమె పెద్ద చలికోటు క్యాంటీన్ కొక్కేనికి వేలాడుతూనే ఉంది.

ఇప్పుడు ఉదయం పదీ ఇరవై. మార్చి చివరి వారమే అయినా బయట సున్నాకి ఇరవై ఆరు డిగ్రీలు కింద ఉంది. పన్నెండున్నరకల్లా మంచు తుపాను మొదలవుతుందని వాతావరణం వాళ్లు చెప్పేశారు. పొయ్యి ఉన్న చోట ఉంటే ఆమె బతికి ఉంటుంది. లేకపోతే లేదు.

* * *

నాలుగో నంబరు పికప్ షెడ్డు వెనక నిలబడి ఉంది. దాని ముందు నా ప్రారబ్ధం కూడా నిలబడి ఉంది. ఇన్‌స్పెక్టర్ రసెల్ కిన్‌కేడ్. దక్షిణాన పెద్ద నగరం నుంచి తొమ్మిదింటికి హెలికాప్టర్‌లో దిగాడు. మెరిసే బూట్లు, మడత నలగని కోటు. నాకంటే పన్నెండేళ్లు చిన్న, నాకంటే రెండు మెట్లు పెద్ద. అలాంటివాణ్ని చూస్తే నాకు ఊరికే ఒళ్లు మండుతుంది, దాచుకోవడం నాకు చేతకాదు.

"రండి సార్జెంట్ మెర్క్రెడి," అన్నాడు. "నేను చూడటం అయిపోయింది. మీకేమైనా మిగిల్చానేమో చూసుకోండి."

"మీరు తొక్కకుండా వదిలింది ఏదైనా ఉంటే చూస్తాను."

తలుపు తీశాను. తొలి చూపుకే నన్ను ఆపేసింది పక్క కిటికీ. అద్దం పూర్తిగా కిందికి దించి ఉంది. సీటు మీద సన్నటి మంచుపొడి పేరుకుంది. అటు నుంచి ఇటు వచ్చి డ్రైవరు వైపు చూశాను. ఆ అద్దం కూడా దించే ఉంది. రెండు సీటుబెల్టులూ సీట్ల వెనక్కి దోపి ఉన్నాయి.

"పెనుగులాట," కిన్‌కేడ్ నా భుజం మీంచి చెప్పాడు. "పిల్ల కిటికీలోంచి దూకబోయింది. వాడు లోపలికి లాగాడు. లేకపోతే ఈ చలిలో అద్దాలు దించుకుని ఎవడు బండి నడుపుతాడు?"

"ఐసు మీద నడిపేవాడు," అన్నాను.

"అంటే?"

"ఐసు మీదికి దిగేముందు బెల్టు తీసేస్తాం. అద్దాలు దించేస్తాం. బండి మునిగితే బయటపడాలి కదండీ. ఇక్కడ పుట్టిన ప్రతివాడికీ అది చెయ్యి దానంతట అదే చేసే పని. ఈ బండి నిన్న సరస్సు మీద నడిచింది. ఇద్దరూ బుద్ధిగా బెల్టులు తీసేసి కూర్చున్నారు. పెనుగులాటా లేదు, పాడూ లేదు. ఆ పిల్ల తన ఇష్టంతోనే వెళ్లింది."

కిన్‌కేడ్ ముఖంలో ఏమీ మారలేదు. కానీ నోటుపుస్తకం తీసి ఏదో రాసుకున్నాడు. వినకుండా పోయే మనిషి కాదన్నమాట. నాకు అది నచ్చలేదు, చేతగానివాడైతే తిట్టుకోవడం సుళువు.

తాళం తిప్పాను. డాష్‌బోర్డు వెలిగింది. ఈ కంపెనీ బళ్లకి ఒక చిన్న తెర ఉంటుంది. ఇంజను నడుస్తూ బండి కదలకుండా ఉన్న సమయాన్ని అది విడిగా లెక్క కడుతుంది, వెనకటి ప్రయాణం లెక్క చెరిపేదాకా అలాగే ఉంచుతుంది. మంచు రోజుల్లో ఎవడూ ఇంజను ఆపడు కాబట్టి, డీజిలు ఎక్కడ తగలబడుతోందో తెలుసుకోవడానికి పెట్టుకున్న ఏర్పాటు. నిన్నటి ప్రయాణంలో బండి ఆగి ఉన్నది ఇరవై నిమిషాలు.

మూడు గంటల ఇరవైలోంచి ఇరవై తీసేశాను. చక్రాలు తిరిగింది సరిగ్గా మూడు గంటలు.

"మీకు దూరం తెలుసా?" కిన్‌కేడ్ అడిగాడు. "నూట పది. పోను యాభై అయిదు, రాను యాభై అయిదు. క్వారీ రోడ్డు మీద యాభై నాలుగో కిలోమీటరు దగ్గర మిరోన్‌కి వేటగుడిసె ఉంది. దారిలో నాలుగు కిలోమీటర్ల చిన్న సరస్సు కూడా ఉంది. మీ అద్దాల కథ దానికీ సరిపోతుంది. హెలికాప్టర్ అక్కడికే పంపిస్తున్నాను."

"ఒక్క అంకె పట్టుకుని పంపుతారా?"

"సరిపోయిన అంకె పట్టుకుని."

"ఇక్కణ్ణించి మూడు రోడ్లున్నాయి. ఒక్కో రోడ్డు మీదా యాభై అయిదో కిలోమీటరు ఉంటుంది. మీ అంకె మూడింటికీ సరిపోతుంది!"

"మిగిలిన రెండింటి మీదా వాడికి గుడిసె లేదు," అన్నాడు. "మీకు పావుగంట ఇస్తాను. వాడితో మాట్లాడుకోండి. మీ స్నేహితుడట కదా."

* * *

స్నేహితుడు కాదు. గురువు. పోలీసుల్లో చేరకముందు పదకొండేళ్లు ఈ రోడ్ల మీద లారీ తోలాను. ఐసు ఎలా మూలుగుతుందో, ఏ మూలుగుకి భయపడాలో, దేనికి భయపడక్కర్లేదో నాకు నేర్పింది మిరోన్ పాలుకే. యాభై ఎనిమిదేళ్లు. ఎడమ చేతి రెండు వేళ్ల కొసలు చలికే పోయాయి. క్యాంటీన్ వెనక సామాన్ల గదిలో పిండి బస్తా మీద కూర్చుని, చల్లారిన టీ చేతిలో పెట్టుకుని ఉన్నాడు.

"మిరోన్ అన్నా, ఆ పిల్లని ఎక్కడ దింపావు?"

"చెప్పాను కదరా. వర్క్‌షాపు దగ్గర. గేటు దాటకముందే."

"వర్క్‌షాపులో తొమ్మిది మంది ఉన్నారు. ఒక్కడూ చూడలేదు."

"వాళ్లు పని చేసుకుంటున్నారేమో. అప్పుడప్పుడూ చేస్తుంటారు."

"నువ్వెక్కడికి పోయావు?"

"క్వారీ రోడ్డు మీద మంచు తీశారో లేదో చూడటానికి పోయాను."

"అద్దాలు దించుకునా?"

కళ్లు ఒక్క క్షణం నా వైపు తిరిగి, మళ్లీ టీలోకి పోయాయి. "నడుమ చిన్న సరస్సుంది కదా."

"యాభై అయిదు కిలోమీటర్లు పోవడానికి గంటన్నర పట్టిందా? క్వారీ రోడ్డు మీద?"

"మంచుంది. మెల్లగా పోయాను."

"నిన్న పొద్దున్నే క్వారీ రోడ్డు శుభ్రం చేశారు. ఆ కాగితం మీద సంతకం నీదే."

అడిగినదానికల్లా బెల్లం కొట్టిన రాయిలా కూర్చోవడం మొదలుపెట్టాడు. గోడ గడియారంలో పది నలభై అయిదు. కిటికీలోంచి చూస్తే, హెలికాప్టర్ రెక్కలకి కప్పిన గుడ్డలు విప్పుతున్నారు.

ఈ మనిషికి జైలంటే భయం లేదు, దేవుడన్నా లేదు. ఆయన్ని పొడవగలిగిన చోటు ఒక్కటే ఉంది. పంతొమ్మిదేళ్ల కిందట ఆయన తమ్ముడు స్టెఫాన్ లారీతో సహా సరస్సులో మునిగిపోయాడు. బరువు బండి ఐసు మీద వేగంగా పోతే కింద నీళ్లలో అల లేస్తుంది. ఆ అల ముందుకి పరిగెత్తి ఒడ్డుకి కొట్టుకుని వెనక్కి వచ్చి ఐసుని కింది నుంచి పగలగొడుతుంది. స్టెఫాన్ ఆ రోజు గంటకి నలభై కిలోమీటర్ల వేగంతో తోలాడని అంటారు. ఆ మాట మిరోన్ ముందు ఇంతవరకూ ఎవడూ అనలేదు.

"పోనీలే అన్నా," అన్నాను లేస్తూ. "నాకర్థమైంది. కంగారులో ఉన్నావు, ఐసు మీద నలభైలో తోలేసుంటావు, టైములన్నీ తారుమారయ్యాయి. మీ ఇంట్లో వాళ్లకి ఐసు మీద తొందర ఎక్కువే కదా."

టీ గ్లాసు గోడకి తగిలి పగిలింది.

"నోర్ముయ్ రా!" ఆయన లేచి నిలబడ్డాడు, మెడ నరాలు ఉబ్బాయి. "నలభయ్యా? నేనా? నేల మీద అరవై, ఐసు మీద ఇరవై అయిదు! ఇరవై రెండేళ్లుగా ముల్లు అటూ ఇటూ కదల్లేదు! నిన్న కూడా కదల్లేదు! వెళ్లేటప్పుడూ ఇరవై అయిదే, వచ్చేటప్పుడూ ఇరవై అయిదే, అంత దూరం ఐసు మీద..."

ఆగిపోయాడు. నోరు జారిందని ఇద్దరికీ ఒకేసారి తెలిసింది. మెల్లగా మళ్లీ బస్తా మీద కూలబడ్డాడు.

ఆ మాట అన్నందుకు నాకు సిగ్గేసింది. ఇప్పటికీ వేస్తుంది. కానీ నాలుగు కిలోమీటర్ల చిన్న సరస్సుని ఈ ప్రాంతంలో ఎవడూ 'అంత దూరం' అనడు.

* * *

గేటు గదిలోకి పరిగెత్తాను. కిన్‌కేడ్ అక్కడే ఉన్నాడు. పైలట్ జానిక్ శిరస్త్రాణం చంకలో పెట్టుకుని గోడ మీది మ్యాపు చూస్తోంది. క్యుబెక్ పిల్ల, మాటకి మాట తడుముకోదు.

"నాకు ఒక్క ట్రిప్పే వీలవుతుంది," అంది. "తుపాను ముందు ఒక్క దిక్కుకి వెళ్లి రాగలను. ఏ దిక్కో పెద్దమనుషులిద్దరూ తేల్చుకోండి. కొట్టుకోవాలంటే బయట కొట్టుకోండి."

"క్వారీ రోడ్డు," కిన్‌కేడ్ అన్నాడు.

"కాదు!" అగ్నెస్ చేతిలో పెన్సిల్ లాక్కుని, గేటు పుస్తకంలో ఖాళీ పేజీ తిప్పాను. "రెండు నిమిషాలు. రెండే. మిరోన్ నేల మీద అరవైలో పోయాడు, ఐసు మీద ఇరవై అయిదులో పోయాడు. తన నోటితో చెప్పాడు."

కిన్‌కేడ్ నవ్వాడు. "పిల్లని ఎత్తుకుపోయినవాడు స్పీడు నియమం పాటించాడంటారు. దాన్ని నేను నా పైవాళ్లకి చెప్పాలి."

"దయ్యం వెంటపడుతున్నా ఆయన ఐసు మీద ఇరవై అయిదు దాటడు. మీకు తెలీదు. నాకు తెలుసు. ఆయన పక్కన కూర్చుని నేర్చుకున్నవాణ్ని." పెన్సిల్ కాగితం మీద పెట్టాను. "మనకి తెలియనివి రెండు. నేల మీద ఎన్ని గంటలు నడిపాడో తెలీదు. దాన్ని 'న' అనుకుందాం. ఐసు మీద ఎన్ని గంటలో తెలీదు. అది 'ఐ'. తెలిసినవీ రెండే. రెండూ కలిపితే మూడు గంటలు. నడిచిన దూరం నూట పది."

రాశాను.

న + ఐ = 3
60న + 25ఐ = 110

"బళ్లో లెక్క చెప్తున్నావా నాకు?" కిన్‌కేడ్ 'మీరు' అనడం మొదటిసారి మర్చిపోయాడు.

"చెప్పించుకోండి, తప్పులేదు. మీరు పొద్దున్నించీ పట్టుకుని వేలాడుతున్నది కింది గీత ఒక్కటే. తెలియనివి రెండున్నప్పుడు ఒక్క గీతకి ఎన్ని జవాబులైనా ఉంటాయి. మూడు రోడ్లూ సరిపోతాయి, మీ గుడిసే సరిపోతుంది. రెండో గీత వచ్చిందంటే ఒక్కటే మిగులుతుంది. ఇలా చూడండి. మూడు గంటలూ ఐసు మీదే ఉన్నాడనుకోండి. మూడు ఇరవై అయిదులు డెబ్బై అయిదు. కానీ మీటరు నూట పది చూపిస్తోంది. ముప్ఫై అయిదు ఎక్కువ. ఐసు మీది ఒక్కో గంటని తీసి నేల మీద వేస్తే, అరవైలోంచి ఇరవై అయిదు పోను, ముప్ఫై అయిదు పెరుగుతుంది. కాబట్టి ఎన్ని గంటలు మార్చాలి?"

"ఒకటి," జానిక్ అంది.

"ఒక్కటే. నేల మీద ఒక గంట, ఐసు మీద రెండు గంటలు. అంటే నేల అరవై కిలోమీటర్లు, ఐసు యాభై. ఈ రోడ్లలో దేనికీ చుట్టుదారి లేదు, పోయిన దారినే రావాలి. సగం చెయ్యండి. పోను నేల ముప్ఫై, ఐసు ఇరవై అయిదు. యాభై అయిదు కిలోమీటర్ల దగ్గర ఆగితే, దాటివచ్చిన ఐసు సరిగ్గా ఇరవై అయిదుండే రోడ్డు ఏది?"

నలుగురం మ్యాపు వైపు తిరిగాం. క్వారీ రోడ్డులో ఐసు నాలుగు. పడమటి రోడ్డులో నలభై రెండు. ఉత్తరం రోడ్డుని అగ్నెస్ వేలితో కొలుచుకుంటూ పోయింది. ఆ రోడ్డు ఆమెకి మ్యాపు లేకుండానే వచ్చు.

"పన్నెండు నేల," అంది. "ఎనిమిది జింక సరస్సు. మళ్లీ పద్దెనిమిది నేల. నేల ముప్ఫై అయింది. ఇక అక్కణ్ణించి ట్రౌట్ సరస్సు." ఆమె వేలు తెల్లటి ఖాళీలోకి జరిగి ఆగింది. "ఐసు ఇరవై అయిదు కావాలంటే, ఆ ఎనిమిదికి ఇంకా పదిహేడు కలవాలి. పదిహేడు కిలోమీటర్లు లోపలికి."

"ఆ సరస్సు మూసేశారు," కిన్‌కేడ్ అందుకున్నాడు. "మొన్ననే మూశారు. ఈ పిల్ల కొలతలు చెప్పేదాకా ఎవరూ దిగకూడదని గొలుసు వేశారు. రాత్రి మన మనుషులు గొలుసు దాకా వెళ్లి చూశారు. తాళం వేసి ఉంది, అవతల టైరు జాడ లేదు."

"ఆ తాళంచెవి మేస్త్రీ జేబులో ఉంటుంది. ఐసు మీద గాలి గంటసేపు వీస్తే టైరు జాడ మిగలదు. అక్కడక్కడా చేపలవాళ్ల చెక్కగుడిసెలున్నాయి, నలభై కిలోమీటర్ల సరస్సులో నాలుగో అయిదో. ఏ గుడిసెలో వెతకాలో ఇప్పుడు మనకి తెలుసు."

"మీ లెక్క తప్పయితే?"

"నాది తప్పయితే మీది చెయ్యండి! క్వారీ రోడ్డుకి ఎంతసేపు పడుతుందో కట్టండి. కట్టండి సార్, మీ పుస్తకంలోనే."

కిన్‌కేడ్ నా వైపు పళ్లు నూరి చూశాడు. అయినా నోటుపుస్తకం తీశాడు. గదిలో పెన్ను గీసే చప్పుడు, బయట గాలి. నేల నూట రెండు, ఐసు ఎనిమిది. నూట రెండుని అరవైతో భాగించాడు, ఎనిమిదిని ఇరవై అయిదుతో భాగించాడు. కలిపాడు. మళ్లీ ఒకసారి కలిపాడు.

"రెండు గంటలు," అన్నాడు చివరికి.

"చక్రాలు తిరిగింది మూడు. ఆగింది ఇరవై నిమిషాలు, అది విడిగా తీసేశాం. మిగిలిన గంట ఎక్కడ పెట్టాడు?"

పుస్తకం మూసి జేబులో పెట్టుకున్నాడు.

"పిల్ల అక్కడ లేకపోతే నీ ఉద్యోగం ఉండదు, మెర్క్రెడి."

"పిల్ల లేకపోతే ఆ ఉద్యోగం నాకెందుకు?"

ఆయన జానిక్ వైపు తిరిగి ఉత్తరం అన్నట్టు తల ఊపాడు. పదకొండూ ఇరవైకి హెలికాప్టర్ లేచింది. లోపల జానిక్, వెనక సీట్లో ఒక నర్సు. ఉత్తరాన ఆకాశం అప్పటికే బూడిదరంగు తిరిగింది.

అగ్నెస్ రేడియో ముందుకి కుర్చీ లాక్కుంది. నేను ఆమె భుజం మీద చెయ్యి వేశాను. తోసేసింది. "ముందు దాన్ని తీసుకురా. తర్వాత ఓదార్చుదువుగాని," అంది.

* * *

పద్దెనిమిది నిమిషాల ప్రయాణం. ఊరికే కూర్చోలేక సామాన్ల గదికి వెళ్లాను. మిరోన్ అదే బస్తా మీద ఉన్నాడు. పగిలిన గాజుముక్కలు ఏరి వరసగా కిటికీ గట్టు మీద పెట్టాడు.

"ట్రౌట్ సరస్సు," అన్నాను. "పదిహేడో కిలోమీటరు. చేపల గుడిసె."

ఆయన తల ఎత్తలేదు. కానీ భుజాలు కిందికి దిగిపోయాయి. లెక్క కుదిరిందని నాకు అప్పుడు నిశ్చయమైంది. గుమ్మానికి ఆనుకున్నాను.

"ఎందుకన్నా? ఆ పిల్ల నీకేం చేసింది?"

"నా ఐసు బాగోలేదంది. కింద ప్రవాహం తినేస్తోందట. రోడ్డు మూసెయ్యాలట. నాకు చెప్తుంది, నాకు! ఇరవై రెండు చలికాలాలు నేను నీళ్లు పోసి మందం పెంచిన ఐసు. పద చూద్దాం అన్నాను. వచ్చింది. ఆ గుడిసె దగ్గర బెజ్జం వేసి నా ముఖం మీదే కొలబద్ద చూపించింది. నాకు తిక్క రేగింది లెన్. రేడియో లాక్కున్నాను. ఇంత చెడ్డ ఐసైతే ఒక్క రాత్రి దీని మీద పడుకో, పొద్దున్నకి బతికే ఉంటే అప్పుడు చెప్పు అన్నాను. పొయ్యి ఉంది, కట్టెలున్నాయి. వదిలేసి వచ్చాను."

"పొద్దున్న ఎందుకు చెప్పలేదు? మేం ఆరింటి నుంచీ అడుగుతున్నాం కదా!"

ఆయన రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

"తెచ్చుకుందామనే లేచాను. నడిచిపోయి తెచ్చుకుందామని. ఈలోగా మీరొచ్చి కూర్చోబెట్టారు."

"నడిచా? యాభై అయిదు కిలోమీటర్లా? బండి ఉండగా నడవడమేంటి?"

గోడ గడియారంలో పదకొండూ ముప్ఫై నాలుగు.

"పోనీలే," అన్నాను. "ఇంకో నాలుగు నిమిషాల్లో హెలికాప్టర్ దిగుతుంది. ఆ పిల్లే చెప్తుంది."

మిరోన్ చేతులు ముఖం మీంచి జారిపోయాయి.

"హెలికాప్టరా?"

"మరి?"

"దింపుతారా? గుడిసె దగ్గర?"

"దింపకుండా ఎలా తెస్తారు?"

ఇంత పెద్ద మనిషి బస్తా మీంచి లేచిన వేగానికి నేను వెనక్కి తూలాను. నా కోటు రెండు చేతులా పట్టుకున్నాడు. ఐసులో మునిగిపోయేవాణ్ని చూసినప్పుడు కూడా అంత భయం ఆయన కళ్లలో నేనెప్పుడూ చూడలేదు.

"దింపొద్దు లెన్! ఆ పిల్ల చెప్పింది నిజం! తిరిగొచ్చేటప్పుడు నా వెనక చక్రాల కింద నీళ్లు పైకొచ్చాయి. అద్దంలో చూశాను. పగులు గుడిసె దాకా పోయింది. ఇక దాని మీద బండి పోదు, ఏదీ పోదు. అందుకే నడిచి పోదామనుకున్నాను. నా ఐసు పోయింది లెన్, పోయింది. ఆ మాట నోటితో చెప్పలేకపోయాను. అది రెండు టన్నుల యంత్రం రా, దింపొద్దని చెప్పు, పరిగెత్తు!"

పరిగెత్తాను. సామాన్ల గది నుంచి గేటు గదికి నూట ఇరవై అడుగులు. ఆ నూట ఇరవై అడుగుల్లో నాకొక్కటే తోచింది. హెలికాప్టర్‌ని ఆ గుడిసె మీదికి పంపింది నేను. నా పెన్సిల్, నా రెండు గీతలు, అటూ ఇటూ ఒక్క అంగుళం తప్పని నా జవాబు.

తలుపు తోసుకుని లోపలికి పడ్డాను. రేడియోలో జానిక్ గొంతు హుషారుగా వినిపిస్తోంది.

"...గుడిసె కనబడుతోంది. గొట్టంలోంచి పొగ వస్తోంది. మళ్లీ చెప్తున్నా, పొగ వస్తోంది! సార్జెంట్‌కి చెప్పండి, ఒక్క మీటరు కూడా తేడా లేకుండా చెప్పిన చోటే ఉంది. పక్కనే చదునుగా ఉంది, దిగుతున్నాను."

అగ్నెస్ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. రాత్రి నుంచీ రాని ఏడుపు అప్పుడొచ్చింది. కిన్‌కేడ్ నా వైపు తిరిగి చెయ్యి చాపాడు, మెచ్చుకోవడానికి. ఆ చేతిని పక్కకి నెట్టి మైకు లాక్కున్నాను.

"జానిక్! దిగొద్దు! ఐసు పగిలి ఉంది, పైకి లే! వినబడుతోందా? పైకి లే!"

గరగర. ఇంజను హోరు.

"జానిక్!"

"విన్నాను, విన్నాను. పైకి లేచాను. ఇరవై అడుగుల ఎత్తులో ఉన్నాను." ఆమె ఊపిరి వినబడుతోంది. "సార్జెంట్, తలుపు తెరుచుకుంది. బయటికొచ్చింది. నిలబడే ఉంది. చేతులు రెండూ పైకెత్తి ఊపుతోంది."

"తెరేసా!" అగ్నెస్ కుర్చీలోంచి లేచింది. "పిలుస్తోంది. పిల్ల పిలుస్తోంది, వెళ్లమను లెనార్డ్!"

"ఎలా ఊపుతోంది?" అని అడిగాను. "సరిగ్గా చూసి చెప్పు. ఎలా ఊపుతోంది?"

జానిక్ మళ్లీ మాట్లాడినప్పుడు ఆ హుషారంతా పోయింది.

"చేతులు అడ్డంగా ఊపుతోంది. ఒకదాని మీంచి ఒకటి. గుడిసె చుట్టూ ఐసు నల్లగా ఉంది, మా గాలికి కదులుతోంది. ఆమె పాదాలు నీళ్లలో మునిగాయి. ఒక్క అడుగు కూడా ముందుకి వెయ్యడం లేదు. సార్జెంట్, ఆమె మమ్మల్ని పిలవడం లేదు. వెళ్లిపొమ్మంటోంది."